లెక్కల తరగతిలో వాక్యరచన

బాలుని లెక్కల పుస్తకమును తెరచి, కడపటి పంక్తిలోని జవాబును మాత్రము చూచి మూసివేయుట మనలో పెక్కుమందికి అలవాటు. జవాబు సరియైనచో సంతోషము, కానిచో ట్యూషను. వాడెట్లు ఆలోచించెనో ఆ పుస్తకమున ఎచ్చటను కానరాదు.

సగమును, మూడవవంతును కలుపుమనగా ఎందరో బాలురు 2/5 అని వ్రాయుదురు. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేసి 5/6 అని దిద్దును. బాలుడు దానిని చూచి వ్రాసికొనును. మరునాడు మరల అదే తప్పు. అట్లుగాక, చేసినదానిని మాటలలో వ్రాయుమని అడిగినచో, "పైయంకెలను పైవానితోను, క్రిందియంకెలను క్రిందివానితోను కూడితిని" అని వ్రాయును. తప్పు పుట్టినచోటు బయటపడినది. "సగమునకు మరికొంత చేర్చగా వచ్చినది సగముకంటె ఎక్కువయా, తక్కువయా?" అనునది రెండవ ప్రశ్న. 2/5 సగముకంటె తక్కువ యని తన చేతితో వ్రాయవలసి వచ్చినపుడు కలము దానంతట అదే ఆగును. అప్పుడు రొట్టె నొకదానిని గీసి ఆరుపాళ్లు చేయుమన్నచో, మూడును రెండును ఐదని వాడే తెలిసికొనును.

ఏ భాషలో వ్రాయవలెను? హోసూరు, బళ్లారి ప్రాంతములలో తరతరములుగా నున్న తెలుగు బాలురు పలువురు ఇంట తెలుగున ఆలోచించి, బడిలో వేరొక భాషలో వ్రాయుచున్నారు. కారణమును తన మాటలలో చెప్పలేనివాడు సూత్రమును బట్టీపట్టును. మొదటి చిత్తునైనను తెలుగున వ్రాయనిచ్చిన నష్టమేమి? తెలుగు లెక్కకు చాలదనుట సాహసము. 9వ శతాబ్దమున కన్నడదేశపు రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తొమ్మిది శతాబ్దములకు పూర్వమే తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

ఏబదిమంది వ్రాతలను చదువుటెట్లను ఉపాధ్యాయుల మొఱ న్యాయమే. వారమునకొక లెక్క, మూడు వాక్యములు, దినమునకు పది పుస్తకములు. ఇంతకు మించి మేము కోరము. అక్షరదోషములను లెక్కలగంటలో దిద్దనక్కఱలేదు. మాకున్న భయము వేరు: ఈ వాక్యములను సయితము నల్లబల్లపై వ్రాసి ఎక్కించినచో, బట్టీపాఠము మరియొకటి పెరుగును.

రాజధానిలోని మన యుద్యోగులు ఇందులకై బడివారిని ఎదురుచూడ నవసరము లేదు. రాత్రి భోజనానంతరము, తప్పిన లెక్కను విడిచి, సరిపోయిన లెక్కకే కారణము వ్రాయుమని పిల్లలను అడిగి చూడవచ్చును. 16/64లోని రెండు ఆఱులను కొట్టివేసి 1/4 అని తేల్చిన బాలునికి కూడ పరీక్షలో మార్కు పడును.