మీకు తెలుసా? ఖర్చు ముందు ముల్లు మీద!

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 1970ల మొదట్లో పుట్టిన లిన్ సోండెక్ ఎల్‌పీ12 టర్న్‌టేబుల్ ఇప్పటికీ తయారవుతోంది. కొత్తగా వచ్చే మోటారు, టోన్ ఆర్మ్, పవర్ సప్లైలను చాలావరకు పాతవాటికీ బిగించుకోవచ్చు. ఎంత చక్కని ఏర్పాటు!

ఇలా భాగాలు మార్చుకునేటప్పుడు, ఖరీదైన పవర్ కేబుల్ మీద పోసే డబ్బు ముల్లుండే కార్ట్రిడ్జ్ మీద పెడితే తేడా చెవికే తెలుస్తుంది. గోడలోంచి వచ్చే కరెంటు ఆంప్లిఫయర్‌లో ఎలాగూ డీసీగా మారుతుంది. కేబుల్‌కి ఎర్త్ సరిగ్గా ఉండి, ప్లగ్గు బిగుతుగా కూర్చుంటే చాలు.

పవర్ కేబుల్‌ని ఎటు లాగుతున్నామన్నది మాత్రం ముఖ్యం. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ ఇచ్చే సంకేతం సాధారణంగా వోల్టులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ సంకేతాన్ని మోసే సన్నని వైరు పక్కనే పవర్ కేబుల్ సాగితే, పాట వెనకాల 50 హెర్ట్జ్‌ల రొద మొదలవుతుంది. రెంటినీ ఎడంగా ఉంచాలి. తప్పనిసరైతే ఒకదాన్నొకటి అడ్డంగా దాటేలా వేయాలి.