వణికే ప్రతి చేయీ కంపవాతం కాదు

పలాస పక్క పల్లె నుంచి ఒక కొబ్బరి రైతును కొడుకు నా దగ్గరకు తీసుకొచ్చాడు. "మా నాయనకి కంపవాతం వచ్చీసింది బాబూ. ఉద్దానం నీళ్లు ముందు కిడ్నీలను తిన్నాయి, ఇప్పుడు నరాలను తింటున్నాయి" అన్నాడు. పెద్దాయన అడుగు ముందుకు పడటం లేదు. ముఖంలో కదలిక లేదు. ఒళ్లో పెట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. చూడగానే ఎవరైనా పార్కిన్సన్ వ్యాధి అనే అంటారు. నేను మాత్రం, "మందుల చీటీ ఏదీ?" అని అడిగాను.

కిడ్నీ జబ్బు ముదిరితే వికారం, వాంతులు ఉంటాయి. వాటికి ఎప్పుడో రాసిచ్చిన మెటోక్లోప్రమైడ్ మాత్రలను, పాత చీటీ చూపించి కొనుక్కుంటూ, ఆయన మూడు నెలలుగా వాడుతున్నాడు. అసలు కిటుకు అక్కడుంది.

మన కదలికలు సాఫీగా సాగాలంటే మెదడులో డోపమైన్ అనే పదార్థం పనిచేయాలి. దాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించిపోతే వచ్చేదే పార్కిన్సన్ వ్యాధి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వివరించాడు. మెటోక్లోప్రమైడ్ కణాలను చంపదు. డోపమైన్ పనికి అడ్డుపడుతుంది. పైగా కిడ్నీలు చెడినవారిలో ఆ మందు సరిగా బయటికి పోక ఒంట్లో నిలిచిపోతుంది. మాత్రలు మాన్పించాం. రెండు నెలల్లో పెద్దాయన చేతులు కుదుటపడ్డాయి. తలతిరుగుడుకు వాడే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజైన్ కూడా కొందరిలో ఇలాగే చేస్తాయి.

మరి నిజమైన పార్కిన్సన్ ఎందుకు వస్తుంది? దానికి ఒకే కారణం లేదు. వయసు మీరడం అన్నిటికన్నా పెద్ద ముప్పు. కొన్ని కుటుంబాలలో వారసత్వం ఉంటుంది. తలకు బలమైన దెబ్బలు, పారాక్వాట్ వంటి పురుగు, కలుపు మందులతో ఏళ్ల తరబడి పని చేయడం ముప్పును పెంచుతాయి. ముప్పు వేరు, కారణం వేరు. మందు కొట్టిన ప్రతివాడికీ జబ్బు రాదు. కొట్టనివాడికి రాదనే హామీ లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బుకే మూలకారణం ఇదమిత్థంగా తేలలేదు. అటువంటప్పుడు నరాల జబ్బును కూడా ఆ నీళ్లకే అంటగట్టి ఇంట్లో కూర్చోవడం వివేకం కాదు.

కనుక మీ ఇంట్లో ఎవరికైనా చేతులు వణికినా, నడక మందగించినా, మతిమరుపు ఎక్కువైనా, వాడుతున్న మాత్రలన్నీ, ఆయుర్వేద మందులతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. క్రియాటినైన్, థైరాయిడ్, బి12 పరీక్షల గురించి అడగండి. మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి, పాత చీటీతో కొనకండి. తోటలో మందు కొట్టేటప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పని కాగానే సబ్బుతో స్నానం చేయండి. ఖాళీ డబ్బాల్లో నీళ్లు పట్టకండి. రోజూ అరగంట నడవండి.

పరీక్షల తర్వాత అది పార్కిన్సనే అని తేలినా బెంగపడనక్కరలేదు. పూర్తిగా నయం కాకపోయినా, అదుపులో ఉంచే మందులున్నాయి. కాని ముసలితనం కదా అని సరిపెట్టుకునే ముందు, ఒక్కసారి ఆ చీటీ చూపించండి.