తొలి తారల జాడ

విశ్వం ఆవిర్భవించిన పిదప కోట్లాది సంవత్సరాలు నక్షత్రాలు లేవు. ప్రధానంగా ఉదజని వాయువే వ్యాపించి ఉండేది. ఆ వాయువుకు చెందిన 21 సెంటీమీటర్ల రేడియో తరంగం విశ్వవ్యాకోచం వల్ల సాగి, నేడు మీటర్ల పొడవుతో భూమిని చేరుతుంది. తొలి తారల ఉదయకాలాన్ని తెలుపగల సాక్షి అదే.

నాగోలు వంటి నగర ప్రాంతాలలో ఎఫ్.ఎం. ప్రసారాల హోరు ఆ క్షీణ సంకేతాన్ని మ్రింగివేస్తుంది. కనుకనే బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థ 'సరస్' అనే రేడియో గ్రాహకాన్ని నాటి అనంతపురం జిల్లాలోని టింబక్టుకు తరలించింది. నేల నుండి వెలువడే వికిరణం కూడా అవరోధమైనందున, 2020లో దాని నూతన రూపాన్ని కర్ణాటక జలాశయాలపై తేల్చారు.

తొలి తారల సంకేతం చిక్కిందని 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2022లో వెలువడిన సరస్ ఫలితాలు దానిని సమర్థించలేదు. శాస్త్రంలో ప్రకటన కంటె పునఃపరీక్షయే ప్రమాణం.