నలభై గజాల పరుగు

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం ఎరిగిన కాలిబంతి కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే ఆట. అది చూస్తూ మరో ఆట ఆడేవాళ్ళు అక్కడ లక్షల్లో ఉన్నారు. ఈ రెండో ఆటలో బంతీ లేదు, మైదానమూ లేదు. అసలు ఆటగాళ్ళ పేర్లు పంచుకుని, వాళ్ళు ఆదివారం నాడు సాధించిన గజాలను మన ఖాతాలో పాయింట్లుగా జమ కట్టుకోవడమే. దీన్ని ఫాంటసీ లీగ్ అంటారు.

ఇందులో డైనాస్టీ అనే రకం గట్టిది. ఒకసారి మన జట్టులోకి వచ్చినవాడు ఏళ్ళ తరబడి మనవాడే. కనుక ఏటా కొత్తగా పంచుకోవడానికి మిగిలేది, కాలేజీ విడిచి ఆ ఏడే పెద్ద జట్లలో చేరిన కుర్రాళ్ళు. వాళ్ళే రూకీలు. వాళ్ళను అంచనా కట్టడంలోనే ఉంది కిటుకంతా.

డల్లాసులో మేం పన్నెండు జట్లతో అటువంటి లీగ్ పెట్టుకున్నాం. నా జట్టుకు భాగస్వామి మా మేనల్లుడు. 2017లో వాడికి పద్నాలుగేళ్ళు. ఆ ఏటి పంపకంలో మా వంతు వచ్చేసరికి మా ఇద్దరికీ పేచీ వచ్చింది.

నా కన్ను జాన్ రాస్ మీద. ఏటా ఇండియానాపోలిస్‌లో జరిగే పరీక్షల్లో అతను నలభై గజాలు 4.22 సెకండ్లలో పరుగెత్తాడు. అప్పటికి అదే రికార్డు. 2024లో గాని జేవియర్ వర్తీ 4.21తో దాన్ని దాటలేదు. సిన్సినాటి జట్టు రాస్‌ను తొమ్మిదోవాడుగా ఎంచుకుంది. వయస్సు ఇరవై ఒకటి.

మావాడి కన్ను కూపర్ కప్ మీద. అతను పరుగెత్తింది 4.62 సెకండ్లలో. ఎంపికైంది అరవైతొమ్మిదోవాడుగా. వయస్సులోనూ రాస్ కంటే రెండేళ్ళు పెద్ద.

"కప్‌ను తీసుకుందాం మామయ్యా. కాలేజీలో నాలుగేళ్ళలో 428 బంతులు పట్టాడు, 6,464 గజాలు. ఆ పరుగుపందెంలో బంతి ఉండదు గదా!" అన్నాడు.

"చిన్న కాలేజీరా అది. అక్కడ ఎవరైనా పడతారు" అన్నాను. పెద్దవాణ్ణి గదా, నా మాటే నెగ్గింది.

ఆ ఏడు రాస్ ఒక్క బంతి కూడా పట్టలేదు. పాపం, దెబ్బలు వెంటాడాయి. తప్పంతా అతనిది కాదు. కప్ 62 బంతులు పట్టి 869 గజాలు సాధించాడు. 2021లోనైతే 145 బంతులు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లు! మూడింటిలోనూ దేశం మొత్తానికి అతనే మొదటివాడు. నేను, పెళ్ళిచూపుల్లో జీతం అడిగి గుణం అడగడం మరిచిన పెద్దమనిషిలా మిగిలాను.

అలాగని అంకెలను గంగలో కలపమనడం లేదు సుమా! ముందుగా ఎంపికైన కుర్రాడికి జట్టు అవకాశాలు ఎక్కువ ఇస్తుంది. వెనక ఎంపికైనవాళ్ళలో ఎక్కువమంది కనబడకుండా పోతారు. కప్ వంటివాళ్ళు అరుదు. కాని ఏ అంకె దేన్ని కొలిచిందో చూసుకోవాలి. కాలేజీలో బంతి తరచు ఇతని దగ్గరకే వచ్చిందా? ఎంత చిన్న వయస్సులో రాణించాడు? చేరిన జట్టులో అతనికి చోటుందా? ఇప్పుడు నేను ముందు ఇవి చూస్తాను. గడియారం ఆ తర్వాత.

నాలుగేళ్ళూ మావాడు ఒక్కసారైనా "నే చెప్పలేదూ?" అనలేదు. చివరకు నేనే ఒక ఆదివారం ఆట చూస్తూ, "ఒరే, ఆ రోజు నువ్వు చెప్పిందే సరి" అన్నాను.

"మరి అప్పుడెందుకు వినలేదు మామయ్యా?"

జవాబు తెలుసు గాని నోరు రాలేదు. వాడి వయస్సు చూశానే గాని మాట చూడలేదు. రాస్ విషయంలో చేసిన పొరపాటే వాడి విషయంలోనూ చేశాను.

అప్పటినుంచి ఏటా పంపకానికి ముందు పేర్ల జాబితా వాడే రాస్తాడు. నేను రెండోసారి చదువుతానంతే.