వేటకొలను – విడిదికొలను

పక్షిని పట్టుటకు మూడు మార్గములు కలవు. దానిని వెంబడించుట మొదటిది. అది వచ్చు దారిలో పొంచియుండుట రెండవది. అది తనంతట మనయొద్దకు వచ్చునట్లు చేసికొనుట మూడవది. మొదటిదానికి బలము చాలును. రెండవదానికి ఓర్పు వలయును. మూడవదానికి మాత్రము ఆ పక్షి మనసు తెలిసియుండవలెను. అడవిబాతులను కాల్చు వేటగాడు అనుసరించునది ఈ మూడవ మార్గము. అతడు పక్షిని తరుమడు. దానికై ఒక నీటిని సిద్ధపరచి, మేత పెట్టి, అతిథిని పిలిచినట్లు పిలుచును. పిలిచి కాల్చును. ప్రేమయు హింసయు ఇంత దగ్గరగా కాపురముండు విద్య మరియొకటి లేదేమో!

ఇంగ్లండు పల్లెసీమలలో ఈ పనికై ప్రత్యేకముగా కొలనులు త్రవ్వించు ఆచారము కలదు. పగటివేళ పెద్ద నీటివిరివిలోనో సముద్రపు పాయలలోనో విశ్రమించిన బాతులు మునిమాపువేళ మేతకై గుంపులు గుంపులుగా లోనాటికి ఎగిరివచ్చును. ఆ దారి ఎరిగినవాడు దారిలో ఒక చిన్న కొలనును సమకూర్చును. అది పెద్దది కానక్కరలేదు. లోతైనది మాత్రము కారాదు. తల నీట ముంచి, తోక పైకెత్తి మేయు జాతి బాతులకు మెడ అందినంతవరకే భోజనము. అంతకు మించిన లోతు వానికి అందని అటుక వంటిది. కావున ఒడ్డులు ఏటవాలుగా నుండవలెను. జానెడు, మూరెడు నీటిలో యవల గింజలు చల్లవలెను. చుట్టును పొదలుండవలెను గాని, దిగుటకును ఎగురుటకును ఆకాశము తెరపిగా నుండవలెను. బాతు గాలికి ఎదురుగా దిగును గనుక, వేటగాడు దాగు మరుగును గాలి పోకడ చూచి ఏర్పరచుకొనవలెను.

ఇవన్నియు చేతిపనులు. అసలైన నియమము వేరొకటి కలదు, అది మనోనిగ్రహము. మేత ప్రతిదినమును వేయవలెను. కాల్పు మాత్రము ఎప్పుడో ఒకనాడు. రెండు మూడు వారముల ఎడము లేక కాల్చినచో బాతులు ఆ నీటిని విడిచి మరల రావు. కాల్చిన సాయంకాలమున సైతము, చివరి గుంపులు ఇంకను దిగుచుండగనే తుపాకి దింపి ఇంటికి పోవలెనని అనుభవశాలులు చెప్పుదురు. మిగిలినవి నిర్భయముగా మేసిపోయినగాని రేపటికి కొలను లేదు. పదింట తొమ్మిది దినములు దాత, ఒక్కదినము హంత. ఇదియే ఆ వేటగాని దినచర్య.

ఇంతకన్న చిత్రమైన ఉపాయము 17వ శతాబ్దమున హాలండు నుండి ఇంగ్లండునకు వచ్చెను. కొలను మూలలనుండి వంపు తిరిగిన కాలువలు తీసి, వానిపై వల కప్పి, ప్రక్కన రెల్లు తడికెలు నిలుపుదురు. నక్కను పోలిన చిన్న కుక్క ఒకటి ఆ తడికెల సందుల నడుమ కనబడుచు మాయమగుచు కాలువ లోపలివైపునకు సాగిపోవును. తమకు శత్రువైన నక్క వెనుదిరిగి పోవుచున్నదను ధైర్యముతో, వింత చూడవలెనను కుతూహలముతో బాతులు దాని వెంట ఈదికొనుచు వలలోనికి పోవును. భయపెట్టవలసినది ఆకర్షించినది! ఆకలి ఎరుగని బాతును సైతము కుతూహలము పట్టి యిచ్చినది. ఈ లక్షణము బాతులకే పరిమితమని నేను చెప్పజాలను.

ఈ విద్య మన దేశమున అత్యంత వైభవమును, అత్యంత ఘోరమును చూచిన స్థలము రాజస్థానములోని భరత్‌పూర్. దానిని చూడవలెనని చిరకాలముగా నుండి, ఒక శీతకాలపు సెలవులలో నేనచటికి పోయితిని. ఆ వనమునకు ఘనా అని పేరు, దట్టమైనదని అర్థము. లోపల కేవలాదేవ్ అను శివాలయము కలదు. ఆ రెండును కలిసి కేవలాదేవ్ ఘనా అయినది. మొత్తము విస్తీర్ణము సుమారు 29 చదరపు కిలోమీటర్లు. అందు మూడవవంతు మాత్రమే నీటిపట్టు.

ప్రకృతి అచట పెట్టినది ఒక పల్లపు నేల మాత్రమే. వానకాలమున కొంత నీరు నిలిచెడిది. భరత్‌పూర్ నేలిన సూరజ్‌మల్ 18వ శతాబ్దమున అజాన్ బంధమను కట్ట కట్టించెనని ప్రసిద్ధి. 19వ శతాబ్దపు చివర సంస్థానమువారు ఆ జలాశయమునుండి కాలువలు తీసి, పల్లమును చిన్న చిన్న కట్టలతో మడులుగా విభజించి, తూములు పెట్టి, నీటిని కావలసిన మట్టమున నిలుపు ఏర్పాటు చేసిరి. వరి పండించుటకు మన రైతు ఏ నేర్పు చూపునో, బాతులను పండించుటకు వారు ఆ నేర్పునే చూపిరి. వానకాలపు వరదతోపాటు చేపపిల్లలు వచ్చెను. పల్లపు నీటిలో నాచును, గడ్డలును, గింజగడ్డియు పెరిగెను. కార్తిక మార్గశిరములు వచ్చుసరికి హిమాలయముల కావలినుండి, మధ్య ఆసియానుండి, సైబీరియానుండి సూదితోక బాతులును, చెంచామూతి బాతులును, మన కవులు విరహమునకు ప్రతీకగా నిలిపిన చక్రవాకములును వేలకు వేలు వచ్చి వ్రాలెను. చుట్టుప్రక్కల మెట్టనేల, అంత మేత, అంత నీరు మరియెచ్చటను లేవు. ఇచట తుపాకి మ్రోగినను, లేచిన పక్షి చుట్టు తిరిగి తిరిగి మరల ఇచటికే రావలసినది.

ఆలయము సమీపమున కొన్ని శిలాఫలకములున్నవి. ఏ తేదీన ఏ ప్రభువు వచ్చెను, ఎన్ని తుపాకులు నిలిచెను, ఎన్ని పక్షులు కూలెను అని వానిపై చెక్కించిరి. శాసనములు చదువుట నా వృత్తిలోని భాగము. దానములు చెక్కిన రాళ్లు చదివితిని. చెరువులు త్రవ్వించిన పుణ్యమును చెక్కిన రాళ్లు చదివితిని. ఇట్టి రాయిని మాత్రము అంతకుముందు చదివి యుండలేదు. 1902లో వైస్రాయి కర్జన్ కాలముతో మొదలైన ఆ పట్టిక 1960ల దాక సాగినది. 1938 నవంబరు 12వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో విచ్చేసినప్పటి అంకె 4,273. ఒక్కదినమున! నన్ను తీసికొనిపోయిన రిక్షా తొక్కు వృద్ధుడు ఆ అంకెపై వ్రేలుంచి, "పండితజీ, ఇవి దొరికినవి మాత్రమే. గాయపడి రెల్లులో దూరినవానిని ఎవరు లెక్కించిరి?" అని హిందీలో అనెను. అతడు చదువుకొన్నవాడు కాడు. కాని ఆ రాయికి అంతకు మించిన వ్యాఖ్యానము నేను వ్రాయలేను.

అయితే ఇచటనే నా ఆలోచనకు ఒక చిక్కు ఎదురైనది. ఆ వేటగాండ్రు లేనిచో ఆ కొలను లేదు. తమ వినోదమునకై వారు కాపాడిన నీరే ఆ పక్షుల సంతతిని నేటివరకు నిలిపినది. స్వాతంత్ర్యానంతరము ఆ నీటిని పొలములకు మళ్లించి, నేలను సాగుకు పంచవలెనను కోరిక స్థానికులలో బలముగా లేచెను. అది అన్యాయమైన కోరికయనుటకు వీలులేదు. ఆకలి గలవానికి బాతులకన్న గోధుమలు ముఖ్యము. పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ ఆ కొలను పక్షమున వాదించి, ప్రభుత్వమును ఒప్పించుటకు పాటుపడెను. ఈయన 1930ల తొలినాళ్లలో నైజాము రాజ్యములోని పక్షులను ఊరూర తిరిగి పరిశీలించిన మహనీయుడు గనుక మనకును ఆత్మీయుడే. 1956లో ఘనా పక్షుల అభయారణ్యమైనది. అయినను మహారాజునకు వేటహక్కు మరికొన్నియేండ్లు మిగిలియుండెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఆ ఏటితో ఆ హక్కును అంతరించినది. 1981లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల నీటిపట్టుగను, 1985లో ప్రపంచ వారసత్వ స్థలముగను దానికి గుర్తింపు లభించినది.

ఈ మార్పునందు నన్ను మిక్కిలి ఆకర్షించిన అంశము ఒకటి కలదు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వలసపక్షుల కాళ్లకు గుర్తుకడియములు తొడిగి, అవి ఎందుండి వచ్చి ఎందుపోవునో తెలిసికొను పనిని భరత్‌పూర్‌లో సాగించిరి. అందుకు పక్షులను గాయపడకుండ పట్టవలెను. ఆ పని ఎవరికి తెలియును? బీహారు ప్రాంతమున తరతరములుగా పక్షులను పట్టి జీవించు మీర్‌షికార్లకు తెలియును. వారినే పిలిపించిరి. అదే వల, అదే ఉచ్చు, అదే ఓర్పు. కాని చిక్కిన పక్షి గంపలోనికి పోక, కాలికి కడియముతో ఆకాశమునకు పోయినది. అట్టి కడియములు పిమ్మట సైబీరియా వరకు దొరికి, భరత్‌పూర్ కొలనుకును ఉత్తరపు మంచునేలకును గల చుట్టరికమును చాటినవి. ఇంగ్లండునందును ఇట్లే జరిగినది. యౌవనమున బాతులవేటయందు ఆసక్తుడైన పీటర్ స్కాట్ 1946లో స్లిమ్‌బ్రిడ్జ్ వద్ద నీటిపక్షుల సంరక్షణకు సంస్థను స్థాపించెను. బాతులను చంపుటకు కట్టిన పాత వలకాలువలు అచటను కడియములు తొడుగుటకు ఉపకరించినవి. విద్య మారలేదు, ఉద్దేశము మారినది.

కథ ఇచటనే ముగిసినచో ఎంత బాగుండెడిది! కాని సదుద్దేశమునకు సైతము తెలివి తోడు కావలెను. 1982లో ఆ వనమున పశువులను మేపరాదని నిషేధించిరి. తరతరములుగా గేదెలను అచట మేపుకొను పల్లెలవారు ఎదురుతిరిగిరి. పోలీసు కాల్పులలో మనుష్యులు మరణించిరి. ఒకనాడు బాతులకై కాల్చిన నేలపై ఇప్పుడు బాతుల పేరిట మనుష్యులపై కాల్చిరి. అంతటితో పోలేదు. గేదెలు లేకపోవుటచే నీటిగడ్డి విపరీతముగా పెరిగి, బాతులు మేయు తెరపినీటిని క్రమ్మివేసినదని బొంబాయి సంఘమువారి పరిశోధనయే తేల్చినది. ఆ గేదెలు కొలనుకు శత్రువులు కావు, సేవకులని తెలియుటకు అంత మూల్యము చెల్లించవలసివచ్చెను.

తరువాత వచ్చినది నీటి కరవు. గంభీర్ నదిపై ఎగువన పాంచనా ఆనకట్ట లేచుటతో అజాన్‌కు వచ్చు ప్రవాహము సన్నగిల్లెను. 2004 ప్రాంతమున ఘనా బీటలు వారినది. దూరమునుండి గొట్టముల మూలమున నీరు తెచ్చు ఏర్పాట్లు పిమ్మట జరిగినవి. శీతకాలపు అతిథులలో మిక్కిలి అరుదైన తెల్లని సైబీరియా కొంగలు మాత్రము 2002 తరువాత అచట కానరాలేదు. వైస్రాయిల తుపాకులు ఒక్కదినమున నాలుగువేల పక్షులను కూల్చినను మరుసటి ఏట మరల వేలు వచ్చెడివి. నీరు పోయిన ఏట రావలసినవియే రాలేదు. తుపాకి పక్షిని చంపును. ఎండిన కొలను పిలుపునే చంపును.

ఇది దూరదేశపు ముచ్చట యని మనము ఊరకుండరాదు. కృష్ణా గోదావరుల నడుమ మన కొల్లేరు కలదు. 1999లో అదియు అభయారణ్యమైనది. అచట చేపల చెరువులకై ఎత్తైన గట్లు వేసి సరస్సును ముక్కలు చేసిరి. 2006లో ప్రభుత్వము అట్టి గట్లను పెద్దయెత్తున తెగగొట్టించెను. పైనుండి చూచినవానికి చేపల చెరువును నీరే, కొల్లేరును నీరే. కాని మెడ అందినంత లోతులోనే అన్నమున్న బాతునకు గట్టెత్తు నీరు నీరు కాదు. ఇంగ్లండు వేటగాడు తన చిన్నకొలను ఒడ్డును ఏటవాలుగా చెక్కునప్పుడు ఎరిగిన ఈ సత్యమును, పక్షులను రక్షింపబూనిన మనము మరచితిమా? మన పల్లెచెరువుల పల్లపు అంచులను పూడ్చునప్పుడైనను దీనిని తలచుకొనవలదా?

శృంగారనైషధము తరగతిలో చెప్పునప్పుడెల్ల నాకీ విషయము జ్ఞప్తికి వచ్చును. నలుడు కొలని యొడ్డున హంసను పట్టినాడు. అది ముసలితల్లిని, ఆలిని, పసికూనలను తలచి విలపింపగా విడిచిపెట్టినాడు. విడువబడిన హంసయే మరల వచ్చి అతనికి దమయంతిని సమకూర్చినది. పట్టుటలో నలుని నేర్పు కలదు. విడుచుటలో నలుడే కలడు. విద్యార్థులకు ఇన్నాళ్లు ఇంతవరకే చెప్పుచుంటిని. భరత్‌పూర్ చూచివచ్చిన పిమ్మట మరియొక మాట చేర్చుచున్నాను: హంసను విడిచిన నలుడు, ఆ కొలనును కూడ ఉంచినాడు. అది ఉండబట్టియే హంసకు తిరిగి వచ్చుటకు ఒక చోటు మిగిలినది.