గుండెపోటు వెనక తెల్ల కణాల కేక



గుండెపోటు అంటే పట్నంవాళ్ల జబ్బు, లావుగా ఉండి బాగా తినేవాళ్ల జబ్బు అని మన ఊళ్లలో అనుకుంటారు. కానీ 2003–04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు దేనివల్ల చనిపోయారో ఏడాదిపాటు నమోదు చేశారు. నూటికి 32 చావులకు కారణం గుండె, రక్తనాళాల జబ్బులే! మరి అవి ఎట్లా వస్తాయి?

బోడుప్పల్ నుంచి ఉప్పల్ మీదుగా తార్నాక పోయేటప్పుడు హబ్సిగూడలో సీసీఎంబీ కనిపిస్తుంది. కణాల మీద పరిశోధన చేసే సంస్థ అది. ఈ జబ్బు కథ కూడా కణాలతోనే మొదలవుతుంది.

పైపులో పాచి పట్టినట్టు రక్తనాళంలో కొవ్వు పేరుకుంటుందని చాలామంది చెప్తారు. అది సగమే నిజం. కొవ్వు చేరేది నాళం గోడలోకి. దాన్ని పెద్ద జబ్బుగా మార్చేది మనల్ని కాపాడే సైన్యమే, అంటే తెల్ల రక్తకణాలు.

పోడు చేలో అడవిపంది పడితే మంచె మీద కావలి ఉన్నవాడు కేక వేస్తాడు. పక్క చేలవాళ్లు కర్రలు పట్టుకుని వస్తారు. పంది పోయాక ఇళ్లకు పోతారు. ఒంట్లో కూడా అంతే. కణాలకు నోరు లేదు కాబట్టి సైటోకైన్లు అనే ప్రొటీన్లను వదులుతాయి. అవే వాటి కేకలు. ముల్లు గుచ్చుకున్న చోట వాచి ఎర్రబడేది వీటివల్లే.

చుట్ట, బీడీ పొగ, బీపీ, షుగరు వల్ల ధమని లోపలి పొర దెబ్బతింటుంది. రక్తంలోని ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొవ్వు గోడలోకి దూరి పాడవుతుంది. పొరలోని కణాలు కేక వేస్తాయి. మోనోసైట్లు అనే తెల్ల కణాలు వచ్చి, మాక్రోఫేజులుగా మారి, ఆ కొవ్వును మింగుతాయి. మింగి మింగి ఉబ్బి నురగ కణాలవుతాయి. ఇక ఇంటికి పోలేవు. అక్కడే ఉండి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి కేకలతో ఇంకొన్నిటిని పిలుస్తాయి. చచ్చినవి అక్కడే కుప్ప పడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గోడలో బొడిపె పెరుగుతుంది. దాని పైపొర పలచబడి పగిలితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. గుండె నాళం మూసుకుంటే గుండెపోటు, మెదడు నాళం మూసుకుంటే పక్షవాతం.

ఇది ఊహ కాదు. అంతకుముందు గుండెపోటు వచ్చిన 10,061 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఆపే మందు కొవ్వును తగ్గించలేదు. అయినా గుండెపోట్లు, పక్షవాతాలు, ఆ జబ్బుల చావులు కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. కానీ అంటురోగాలతో చనిపోయినవాళ్లు కొంచెం ఎక్కువయ్యారు. కావలివాడి నోరు కట్టేస్తే పంది రాకుండా ఉంటుందా!

మన అడవుల్లో వానాకాలం మంటలాంటి పూలు పూసే అడవినాభి తీగ మీకు తెలుసు. దానిలో ఉండే కాల్చిసిన్ కూడా ఈ వాపును తగ్గిస్తుంది. రోజుకు అర మిల్లీగ్రాము మాత్రను గుండెజబ్బు వాళ్లకు వాడటానికి 2023లో అమెరికా అనుమతించింది. 2024లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో మాత్రం లాభం కనిపించలేదు. జాగ్రత్త! ఆ దుంప, ఆ గింజ ప్రాణం తీసే విషం. ఎవ్వరూ నోట పెట్టకూడదు.

మా తాత బక్కపలచటి మనిషి. చుట్ట మానమంటే “నా ఒంట్లో కొవ్వెక్కడుందిరా, నాకేం గుండెజబ్బు!” అంటాడు. ఈసారి సెలవులకు పోయి, కొవ్వు ఒక్కటే కాదు తాతా, పొగ కూడా ఆ కేకలు పెట్టిస్తుందని చెప్తాను. మీరు కూడా మీ ఇళ్లలో చెప్పండి. పెద్దవాళ్లకు బీపీ, షుగరు చూపించండి. ఎవరికైనా ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి, చెయ్యి లాగి, చెమటలు పడితే గ్యాస్ అనుకుని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. అక్కడ ప్రతి నిమిషం విలువైనదే.