విద్యుత్తు తీగల సమీపంలో జీపీఎస్ యాంటెనాలు

హైటెన్షన్ విద్యుత్తు తీగల సమీపంలో జీపీఎస్ రిసీవరు ఎంత కచ్చితంగా పనిచేస్తుందనేది చాలావరకు దాని యాంటెనాపై ఆధారపడి ఉంటుంది. భూముల సర్వేలో కొద్దిపాటి తేడా వచ్చినా పొలం హద్దు పక్కకు జరుగుతుంది. కనుక ఇక్కడ కలిగే ఆటంకాలను వేరువేరుగా గుర్తించడం అవసరం. వీటిలో ముఖ్యమైనవి రెండు: రేడియో రొద, టవర్ల వలన కలిగే పరావర్తనం.

రేడియో రొద

భారతదేశంలో విద్యుత్తు సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తునుండి పంపే ప్రధాన సంకేతపు పౌనఃపున్యం 1575.42 మెగాహెర్ట్‌జ్. అధిక వోల్టేజి తీగల చుట్టూ గాలి అయనీకరణం చెందినపుడు పుట్టే రేడియో రొదను కరోనా రొద అంటారు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఇది క్షీణిస్తుంది. అందువలననే తీగల క్రింద మీడియం వేవ్ రేడియో గరగరలాడినా, జీపీఎస్ సంకేతానికి సాధారణంగా హాని కలగదు. వదులైన బిగింపుల వద్ద, పగిలిన ఇన్సులేటర్ల వద్ద పుట్టే నిప్పురవ్వల రొద మాత్రం ఇంకా పై పౌనఃపున్యాల వరకు వ్యాపిస్తుంది.

దిద్దుబాటు సంకేతాలు

డీజీపీఎస్ పద్ధతిలో స్థానాన్ని సరిదిద్దే సమాచారం భూమిపైనున్న బీకన్ కేంద్రాలనుండి 283.5 - 325 కిలోహెర్ట్‌జ్ మధ్య ప్రసారమవుతుంది. తీగల రొద బలంగా ఉండేది ఇటువంటి తక్కువ పౌనఃపున్యాలలోనే. ఉపగ్రహాలు చక్కగా అందుతున్నా, దిద్దుబాటు అందక కచ్చితత్వం తగ్గవచ్చు. నిలువు కడ్డీ యాంటెనా విద్యుత్ క్షేత్రానికి స్పందిస్తుంది. చుట్ట రూపంలోని లూప్ యాంటెనా ముఖ్యంగా అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుంది. సమీపంలోని విద్యుత్ రొదను తట్టుకొనడంలో సాధారణంగా లూప్ యాంటెనా మేలైనది. అమెరికాలో ఈ బీకన్ సేవ 2020లో ముగిసింది. భారతదేశపు గగన్ వ్యవస్థ దిద్దుబాట్లను ఉపగ్రహాల ద్వారా, జీపీఎస్ పౌనఃపున్యంలోనే పంపుతుంది. కనుక దానికి ఈ రొద బెడద తక్కువ.

పరావర్తనం

జీపీఎస్ తరంగాలకు కుడిచేతి వృత్తాకార ధ్రువణం ఉంటుంది. లోహపు టవరుపై ఒకసారి పరావర్తనం చెందినపుడు అది చాలావరకు ఎడమచేతి ధ్రువణంగా మారుతుంది. మంచి సర్వే యాంటెనా అటువంటి తరంగాలను చాలావరకు తిరస్కరిస్తుంది. చోక్ రింగ్ యాంటెనాలో ఒకదాని చుట్టూ ఒకటిగా ఉండే లోహపు వలయాలు నేలవైపునుండి వచ్చే తరంగాలను అణచివేస్తాయి. కానీ యాంటెనా కంటే ఎత్తైన టవరు పైభాగంనుండి వచ్చే పరావర్తనాన్ని ఈ వలయాలు అంతగా ఆపలేవు. అటువంటి చోట టవరుకు దూరంగా జరగడమే ఉత్తమం.

జాగ్రత్తలు

యాంటెనాను అమర్చే లోహపు కర్రను తీగల క్రింద పైకెత్తడం ప్రాణాపాయం. తీగను తాకకపోయినా, అతి సమీపానికి చేరితే విద్యుత్తు గాలిగుండా దూకగలదు.